కొట్టం చూరుకు టెన్నిస్ బ్యాటు

టెన్నిస్ అనే ఆటను కళ్ళతో చూడడానికి ముందు నేను మూడేళ్ళు చెవులతో విన్నాను. మట్టెవాడలో మా ఇంటికి ముందు భాగం కిరాణా దుకాణం, మధ్యలో ఇల్లు, వెనక ఆవు కొట్టం. కొట్టం పక్కన చింతపండు బుట్టలు పెట్టుకునే అర్ర. బడి విడిచి వచ్చినప్పటి నుంచి దీపం పెట్టే వేళ దాకా నా మనుమరాలు ఆ అర్ర గోడకు బంతి కొట్టేది. టప్. మళ్ళీ టప్. ముందు భాగంలో కూర్చుని జీలకర్ర తూచే నాకు ఆ చప్పుడు మొదలైతే పళ్ళు కొరుక్కోవాలనిపించేది. ఆగిపోతే ఏమైందోనని తక్కెడ వదిలి తొంగిచూడాలనిపించేది. ఎట్లా ఉన్నా నాకు కుదురు లేదు.

మొదట్లో బ్యాటు కూడా లేదు. సబ్బుల పెట్టె పలక ఒకటి పిడి చెక్కించుకుని దానితో కొట్టేది. ఆ పలక పొయ్యిలోకి ఒక పూట వచ్చేదని నేను చాలా రోజులు సణిగాను.

దాని తండ్రి, అంటే నా పెద్ద కొడుకు, రైల్వేలో గుమాస్తా. కాజీపేటలో పనిచేసిన రోజుల్లో కూతుర్ని వెంటబెట్టుకుని రైల్వే వాళ్ళ క్లబ్బుకు పోయేవాడు. ఆడేవాళ్ళకు బంతులు ఏరిస్తూ ఏరిస్తూ పిల్ల ఆట పట్టుకుంది. వాడికి డోర్నకల్ బదిలీ అయినప్పుడు, బడి మారితే చదువు పాడవుతుందని దీన్ని నా దగ్గర వదిలిపెట్టాడు. పోయే రోజు అరుగు మీద కూర్చుని అన్నాడు:

"మెట్రిక్ దాక నీ దగ్గర ఉండనీ అమ్మా. ఆ మీద కాలేజీల ఏసుడా, వద్దా అన్నది నువ్వు చెప్పినట్టే."

"చెప్పేదేమున్నది? మెట్రిక్ సాలు."

"అప్పటి ముచ్చట అప్పుడు జూద్దాం తియ్."

నా మటుకు నాకు అప్పుడే తేలిపోయింది. నేను చదివింది మూడు తరగతులు. ఆయన పోయిన తర్వాత ఆ మూడు తరగతులతోనే దుకాణం నడిపాను. పది చదివిన పిల్ల నా పక్కన కూర్చుంటే ఇంకేం కావాలి? కాలేజీ అంటే హైదరాబాదు, హాస్టలు, ఎవరో వండిన తిండి. అవన్నీ ఎందుకని నా లెక్క.

పిల్లకు కోపం ఎక్కువ. ఎనిమిదో తరగతిలో ఒకసారి బంతి తప్పిందని పలక విసిరికొడితే అది పోయి ఆవుకు తగిలింది. వారం రోజులు కొట్టం పిల్లతోనే ఊడ్పించాను. తర్వాత బడిలో ఆడపిల్లల జట్టు కట్టారు. అందులో దీనికి జోడీగా ఒక తరగతి కింది పిల్ల ఒకతె ఉండేది, పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునేది. ఒకనాడు ఆ పిల్ల మా దుకాణం ముందు నిలబడి ముక్కు చీదుతూ కనిపించింది. మనదే తిట్టిందని తెలిసింది. మనదాన్ని లోపలికి పిలిచి అడిగాను.

"అన్ని బంతులు వదిలిపెడ్తది నాయనమ్మా! నేనొక్కదాన్నే ఉరుకాల్నా?"

"నా చేతిల తూకం తప్పితే నేను తక్కెడను తిడ్తన్నా?"

"తక్కెడకు చెవులుండయి గద."

"దానికున్నయి. అందుకే ఏడుస్తాంది. పో, బెల్లం ముక్క ఇచ్చి సముదాయించి రా. చిన్న ముక్క."

పెద్ద ముక్కే తీసుకుపోయింది. నేను చూసీ ఊరుకున్నాను.

మెట్రిక్ చదివే ఏడు దాన్ని జట్టుకు కెప్టెన్ చేశారు. ఆ పదవి నెత్తికెక్కుతుందనుకున్నాను. నడుముకు పట్టింది. ఒక రోజు వచ్చి, "నాయనమ్మా, రేపు రెండు గంపల పేడ గావాలె" అంది.

"ఎందుకే? పిడకలు అమ్ముకుంటవా?"

"మేం ఆడే జాగ పగుళ్ళు వట్టింది. బంతి సక్కగ లేస్తలేదు. మట్టీ పేడా కలిపి అలుకుతమంటే టీచరమ్మ సరే అన్నది."

"అలికేదెవలు?"

"మేమే. పన్నెండు మందిమి ఒప్పుకున్నం."

"అర్ర అలుకమంటె నడుము నొప్పనేదానివి! సరే, విను. పేడ ఎక్కువేస్తే పొరలు లేస్తది. ఎర్రమట్టి మూడు పాళ్ళు, పేడ ఒక్క పాలు, జర వరిపొట్టు. నడి ఎండల అలుకద్దు, నెర్రెలు వాస్తది. పొద్దు వాలినంక మొదలువెట్టుండ్రి."

రెండు గంపలు అడిగితే ఒకటి ఇచ్చాను. మిగతా గంప అది ఇల్లిల్లూ తిరిగి పోగుచేసిందట. నెలకోసారి అలుకుడు సాగింది. అందరికన్నా ముందు వంగేది, చివర లేచేది మీ పిల్లేనని పాల కోసం వచ్చేవాళ్ళు చెప్పేవారు. రేపోమాపో పెళ్ళి కావలసిన పిల్లకు అలుకుడు రావడం మంచిదే కదా అని నేను ముఖం చిట్లించుకునేదాన్ని. లోపల మాత్రం ఆ మాట మళ్ళీ ఎవరైనా అంటారేమోనని చెవి అటే పెట్టేదాన్ని.

ఆ వానాకాలం సగం గడిచాక బదిలీ మీద పోతున్న రైల్వే ఆఫీసరు ఒకాయన బడికి తన బ్యాటు ఇచ్చి పోయాడు. అప్పటిదాకా బడిలో ఉన్నది నైలాను తీగెల పాత బ్యాటు ఒక్కటే, మిగతావాళ్ళవి చెక్క పలకలే. కొత్తగా వచ్చినదాన్ని కెప్టెన్ జాగ్రత్తగా చూసుకుంటుందని డ్రిల్లు టీచరు మా పిల్ల చేతికి ఇచ్చింది. పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి గోటితో తీగె మీటింది.

"ఎట్ల మోగుతాందో ఇను నాయనమ్మా! నైలాను గాదు, అసలైంది."

"అసలైందంటె?"

"మేక పేగులు ఎండబెట్టి, పురివెట్టి..." అని నాలుక కరుచుకుంది.

మాది నీచు ముట్టని ఇల్లు. ఆ బ్యాటు అప్పటికి దేవుని గూటికి నాలుగడుగుల దూరంలో ఉంది.

"అవుతల వెట్టు!"

"కడిగి తెత్త..."

"పేగును కడిగితే తులసాకు అయితదా? కొట్టం చూరుకు తగిలియ్. ముట్టినప్పుడల్లా బాయి కాడ స్నానం జేసే లోపలికి రావాలె."

"పేడ కడుపుల నుంచి వచ్చేదే. దానితోని ఇల్లంత అలుకుతం. పేగు కడుపుల ఉండేదే. గింత ఫరక్ ఎందుకు?"

"నోరు మూసుకొని బాయి కాడికి నడువు."

నడిచింది. ఆ రోజు నుంచి ఆ బ్యాటు కొట్టం చూరు కింద మేకుకు వేలాడింది. రోజూ ఆట తర్వాత పిల్ల చన్నీళ్ళు పోసుకునే చప్పుడు నాకు వినిపించేది. జలుబు చేసినా మానలేదు, ఎదురు చెప్పలేదు.

ఆ రోజుల్లోనే కాలేజీ మాట బయటికి వచ్చింది. వరంగల్ బళ్ళకు హన్మకొండలో పోటీ పెడుతున్నారని, హైదరాబాదులోని ఆడపిల్లల కాలేజీ నుంచి ఒకామె చూడడానికి వస్తుందని, ఆమె మెచ్చితే ఫీజు, హాస్టలు ఖర్చు ఉండవని పిల్ల చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది కాని చేతిలోని బంతిని నలుపుతూనే ఉంది.

"గెలువు ముందుగాల," అన్నాను. "నీ ఆట నువ్వు గెలిస్తే అప్పుడు పంపుడు ముచ్చట. ఓడితివా, కాలేజీ అన్న మాట మళ్ళ ఈ ఇంట్ల వినవడద్దు."

"మాటేనా?"

"నేనంటే మాటే. ఇన్నేండ్ల సంది ఈ దుకాణంల ఒక ధర చెప్పి ఇంకో ధర తీసుకున్ననా?"

"ధరలు మారుస్తనే ఉంటవు గద, నాయనమ్మా."

"లే, పో అవుతలికి!"

తెలివిగా ముడి వేశాననుకున్నాను. ఓడితే నా మాట నెగ్గుతుంది, గెలిస్తే చూద్దాం. కాని ఆ రోజు నుంచి గోడ మీద పడే ప్రతి దెబ్బా నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఎన్ని తప్పిందో, ఎన్ని పట్టిందో. జీలకర్ర అడిగినవాళ్ళకు సోంపు కట్టి ఇచ్చాను.

పోటీ ఇంకా నాలుగు రోజులుందనగా ముసురు పట్టింది. ఆట లేదు, బ్యాటు కొట్టంలోనే ఉంది.

"జర లోపల పెట్టుకుంట నాయనమ్మా. తడిస్తే గీ తీగెలు చెడుతయి."

"చూరు కింద వాన వడ్తదా? గోనెసంచి చుట్టు."

చుట్టి బడికి పోయింది. మధ్యాహ్నం గాలి తిరిగి జల్లు కొట్టంలోకి కొట్టసాగింది. నేను పోయి గడ్డి లోపలికి జరిపాను. తెలగపిండి బస్తా జరిపాను. పగ్గాలు కూడా తీసి పొడిగా ఉన్న మూలకు వేశాను. తలెత్తితే మేకు మీదుగా నీళ్ళు కారి గోనెసంచి నల్లగా నానుతూ కనిపించింది. చెయ్యి చాపితే అందుతుంది. కాని నేను మడిలో ఉన్నాను. ముట్టుకుంటే మళ్ళీ తల మీద నీళ్ళు పోసుకోవాలి, మోకాళ్ళు లాగుతున్నాయి. వచ్చి అదే తీసుకుంటుందిలే అని లోపలికి వచ్చేశాను. వచ్చి కూర్చున్నాను కాని కూర్చోలేకపోయాను. రెండుసార్లు లేచి వెనక గుమ్మం దాకా పోయి, తిరిగి వచ్చాను.

సాయంత్రం పిల్ల సంచి విప్పింది. మూడు తీగెలు తెగిపోయి ఉన్నాయి. మిగిలినవి నాని ఉబ్బిపోయాయి. అది నా వైపు ఒక్కసారి చూసింది. ఏడ్చినా, అరిచినా బాగుండేది. బ్యాటును తుడిచి మళ్ళీ అదే మేకుకు తగిలించి, బావి దగ్గర నీళ్ళు పోసుకుని లోపలికి వచ్చింది.

రెండు రోజుల తర్వాత డ్రిల్లు టీచరు గొడుగు వేసుకుని దుకాణానికి వచ్చింది, ధనియాల కోసం.

"మీ పిల్ల గింత పని చేస్తదనుకోలేదమ్మా. మరిచిపోయి వానల వదిలేసిన అని తనే వచ్చి చెప్పింది. తీగెలు హైదరాబాదు పంపితేనే కడ్తరు. పోటీ ఎల్లుండి. గిసోంటి పిల్లను కెప్టెన్‌గ ఉంచాల్నా, తీసెయ్యాల్నా అని పరేషాన్ అయితాన్న."

ధనియాల పొట్లానికి దారం చుడుతుంటే రెండుసార్లు తెగింది. అది మరవలేదమ్మా, లోపల పెడతానంటే నేనే వద్దన్నాను అని చెప్పడానికి నోరు తెరిచాను.

"చిల్లర ఉన్నదా?" అని వచ్చింది.

ఆమె పోయింది. నేను తక్కెడ తుడిచాను. తుడిచిందే తుడిచాను. నా తప్పును పదహారేళ్ళ పిల్ల తన నెత్తిన వేసుకుని మోస్తుంటే నేను చిల్లర అడిగాను. ఇంక అక్కడ కూర్చోలేక పట్టపగలే దుకాణానికి తాళం వేశాను. కొట్టంలోకి పోయి, చేతికి గుడ్డ చుట్టుకుని బ్యాటు అందుకున్నాను. సందు మలుపు తిరిగేసరికి వానకు గుడ్డ జారిపోయింది. ఉత్త చేత్తోనే పట్టుకుని నడిచాను.

మా ఇంట్లో పరుపులకు దూది ఏకే దూదేకులాయన రెండు సందుల అవతల ఉండేవాడు. దూది ఏకే విల్లుకు తంతి కట్టడం తెలిసిన మనిషి నాకు అతనొక్కడే తట్టాడు. ఆ తంతి దేనితో చేస్తారో మాత్రం ఏనాడూ అడగలేదు.

"సావుకారమ్మ! గీ వానల పరుపుల పనేంది? దూది ముద్దయితది."

"పరుపు గాదు. ఇది జూడు. నీకు కట్ట వస్తదా? పేగు అంటరు..."

అతను బ్యాటు తిప్పి చూశాడు. వేలితో నొక్కాడు. "పేగే. మంచి పేగు. గిట్ల తడిపిన దరిద్రులెవలు?"

నేను తడిసిన కొంగు పిండుకున్నాను.

"మన దగ్గర ఉన్నది కొంచెం లావుగుంటది. గదే కడ్త."

"నీ దగ్గర పేగు ఎందుకున్నది?"

అతను నవ్వి, గోడకు ఆనించిన విల్లు తీసి ఒకసారి మీటాడు. ఇల్లంతా ఝుమ్మంది. "మరి గిది దేంది అనుకున్నవ్? మీ పరుపులు, మెత్తలు, నీ మనుమలు తొట్టెల పండుకున్న బొంతలు, అన్నీ గీ తంతితోనే ఏకిన. దారంతోని దూది విచ్చుకుంటదా అమ్మా?"

ఎన్నో ఏళ్ళు అతను మా అరుగు మీద కూర్చుని దూది ఏకాడు. ఎదురుగా పీట వేసుకుని నేను కాపలా కాశాను. దూది ఎక్కడ పక్కకు పోతుందోనని ప్రతి పోగూ చూశాను. తంతి వైపు మాత్రం ఎన్నడూ చూడలేదు. ఆ పరుపుల మీదే పడుకుని, లేచి, స్నానం చేసి, దేవునికి దీపం పెట్టాను.

"వానకాలం నువ్వు తంతి ఎక్కడ పెడ్తవ్?" అని అడిగాను.

"పొయ్యి మీది అటక మీద. ఇంట్ల పొడిజాగ గదొక్కటే గద."

మూడు తీగెలూ బిగించి ఇచ్చాడు. "ఆటకెట్లుంటదో నాకు తెల్వదు. దూదికైతే ఫికర్ లేదు," అన్నాడు.

ఇంటికి వచ్చి వంటింటి అటక మీద వడియాల కుండ జరిపి, దాని పక్కన బ్యాటు పెట్టాను. బడి నుంచి వచ్చిన పిల్ల కొట్టంలో చూసి పరుగెత్తుకు వచ్చింది.

"నాయనమ్మా! బ్యాటు లేదు!"

"అటక మీదున్నది."

పొయ్యి వైపు చూసింది, పైకి చూసింది, నన్ను చూసింది. "స్నానం జేసినవా?"

"చెయ్యలే. పొయ్యి రాజెయ్."

పోటీ నాడు ఎండ కాసింది. దుకాణం మూసి రిక్షా కట్టించుకుని హన్మకొండ పోయాను. టెన్నిస్ ఆట కళ్ళతో చూడడం అదే మొదలు. రెండు సింగిల్స్, ఒక డబుల్స్; మూడింట్లో రెండు గెలిచిన బడిదే గెలుపని పక్కనున్న పిల్లలు చెప్పారు. రెండు సింగిల్స్ పక్కపక్క జాగాల్లో ఒకేసారి మొదలయ్యాయి. ఇప్పుడు రెండింట్లో నైలాను బ్యాటే మంచిది, అది నాకు కూడా తెలుసు. మా పిల్ల దాన్ని తన జోడీ, ఆ హాస్టలు పిల్ల చేతిలో పెట్టి, దూదేకుల తీగెల బ్యాటు తాను తీసుకుంది.

మూడేళ్ళు విన్న చెవులు నావి. మొదటి దెబ్బకే తెలిసింది. టప్ అనలేదు. తడి గోడకు కొట్టినట్టు మొద్దు చప్పుడు. బంతి పోవలసిన చోటికి పోవడం లేదు. పిల్ల మాత్రం ఆ మూల నుంచి ఈ మూలకు ఉరుకుతూనే ఉంది. మధ్యలో ఆగి పక్క జాగా వైపు చూసి, "భయపడకు, మోకాళ్ళు వంచు!" అని చిన్నపిల్లకు చెబుతోంది. నేను కూర్చోలేక నిలబడ్డాను. నిలబడలేక నడిచాను. కూర్చోమని ఎవరో కసిరారు.

మా పిల్ల ఓడిపోయింది. చిన్నపిల్ల గెలిచింది. డబుల్స్‌లో ఇద్దరూ కలిసి ఆడి, చివరి దాకా లాగి, గెలిచారు. బడి పిల్లలంతా ఎగిరి గంతులేస్తుంటే ఇది చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"ఓడిపోయిన, నాయనమ్మా."

"బడి గెలిచింది గద."

"నువ్వన్నది నా ఆట. మాటంటే మాటే గద."

దెప్పుతూ అన్నా తట్టుకునేదాన్ని. దెప్పలేదు. ధర విని సంచి మడుచుకుని పోయే మనిషిలా అంది.

డ్రిల్లు టీచరూ, హైదరాబాదు కాలేజీ నుంచి వచ్చినామె, ఇద్దరూ ఒక బల్ల దగ్గర నిలబడి ఉన్నారు. పిల్ల చేతిలోని బ్యాటు తీసుకుని నేరుగా అక్కడికి పోయాను.

"అమ్మా, ఇది ఆ పిల్ల మరువలే. లోపల పెడ్తనని అడిగితే నేనే వద్దన్న. తడుస్తాంటే నా కండ్లతోని చూసి కూడా తియ్యలే. మొన్న మీరు దుకాణానికి వచ్చిన నాడే చెప్పాల్సింది. నోరు రాలే."

డ్రిల్లు టీచరు నన్ను చూసి, తర్వాత దూరంగా నిలబడ్డ పిల్లను చూసింది. హైదరాబాదు ఆమె బ్యాటు అందుకుని లావు తీగె మీద వేలు పెట్టింది.

"ఇది ఎవరు కట్టారు?"

"దూది ఏకే ఆయన."

ఆమె నవ్వు ఆపుకుంది. "ఈ బ్యాటుతో అన్ని పాయింట్లు ఎట్లా తీసుకుందా అని చూస్తున్నాను. మంచిది చిన్నపిల్లకు ఇవ్వడం కూడా చూశాను. ఫారం పంపిస్తానమ్మా. సీటు ఇస్తామని ఇప్పుడే చెప్పలేను. మెట్రిక్ పాసు కావాలి, అక్కడికి వచ్చి మళ్ళీ ఆడి చూపించాలి. పంపడం, పంపకపోవడం మీ చేతుల్లో ఉంది."

"ఫారం రానీయండి," అన్నాను.

ఇంటికి రాగానే పిల్ల బ్యాటు అటక మీద పెట్టి, ఒక మూల కూర్చుని లెక్కల పుస్తకం తెరిచింది. నేను దుకాణం తలుపులు తీశాను. ఎవరూ రాలేదు. తూకం రాళ్ళు వరసగా పేర్చాను, చెరిపి మళ్ళీ పేర్చాను. వెనక నుంచి ఏ చప్పుడూ లేదు. ఎండ ఇంకా ఉంది, అర్ర గోడ పొడిగానే ఉంది. లేచి లోపలికి పోయాను.

"ఏమే, ఇయ్యాల గోడకు కొట్టవా?"

"ఎందుకు కొట్టుడు? ఓడిపోయిన గద."

"ఆమె ఫారం పంపుతనన్నది. ఆడికి పొయ్యి మళ్ళ ఆడి చూపియ్యాల్నట. గిట్ల కూసుంటే చూపిస్తవా?"

పుస్తకం మూసింది. "మాటంటే మాటంటివి?"

"ధరలు మారుస్తనే ఉంటనని నువ్వే అంటివి గదనే. లే. బ్యాటు అటక మీద నుంచి జాగ్రత్తగ తియ్యి, వడియాల కుండ పగులుతది."

నేను పోయి తక్కెడ ముందు కూర్చున్నాను. కొంచెం సేపటికి మొదలైంది, దూదేకుల తీగెల మొద్దు చప్పుడు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టసాగాను. ఇరవై దాటిన తర్వాత ఒకటి తప్పింది. నేను పీట మీద నుంచి సగం లేచాను.